మూలన పడ్డ రంపానికి మళ్లీ ప్రాణం: పాత చైన్ సా బాగుచేసి అమ్మేవారికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో తుక్కు దుకాణాల వెంట నడుస్తుంటే లారీ యాక్సిళ్ల కింద, విరిగిన పంపుసెట్ల పక్కన ఒక్కోసారి రంగు వెలిసిన చైన్ సా కనిపిస్తుంది. ఇంజను స్టార్టు చేసే తాడు తెగి ఉంటుంది, చైను తిరిగే పొడవాటి పలక, అంటే బారు, తుప్పు పట్టి ఉంటుంది, లోపల పిస్టన్ మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. కిలోల లెక్కన కొన్న అలాంటి యంత్రాన్ని నిలబెట్టి, నిజం చెప్పి అమ్మి, నాలుగు రూపాయలు మిగుల్చుకోవచ్చు. నేను చేస్తున్న పని అదే. దానికి ఓపిక కావాలి, కొన్ని చిన్న పరికరాలు కావాలి, ఒక నియమం కావాలి.

నియమం ముందే చెబుతాను. ఒక్క స్క్రూ కూడా విప్పకముందే ఈ రంపం పనికి వెళ్తుందా, అలమరాలోకి వెళ్తుందా అన్నది తేల్చుకోవాలి. చెట్లు కోసే మనిషి దీన్ని తన తొడకు జానెడు దూరంలో తిప్పుతాడు. పాత యంత్రాలు సేకరించేవారు గాజు తలుపు వెనక పెట్టుకుంటారు. ఇద్దరి కోసం ఒకే రకంగా బాగుచేయడం కుదరదు, ఒకే మాట చెప్పి అమ్మడం అసలే కుదరదు.

ఎలాంటివి వెతకాలి, ఎక్కడ వెతకాలి

ఆండ్రియాస్ స్టీల్ 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పెట్టిన సంస్థ 1959లో 'కాంట్రా' అనే రంపాన్ని తెచ్చింది. గేర్లు లేవు, ఇంజను షాఫ్టే నేరుగా చైనును తిప్పుతుంది. అదే వంశంలో వచ్చిన 070 అనే మోడలు పెద్ద దుంగలు కోసేవారికి బాగా పరిచయం: బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 58 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 40, మొత్తం దాదాపు 106 సీసీ. దీనికి చైనా నకళ్లు విపరీతంగా ఉన్నాయి. నకలు కొనడం నేరం కాదు, నకలును అసలు అని అమ్మడమే తప్పు. అసలుదానిలో పోత నున్నగా ఉంటుంది, నంబరు లోహంలోకే దిగి ఉంటుంది. నకలులో పోత అంచులు గరుకుగా, నంబరుకు బదులు స్టిక్కరుతో కనిపిస్తాయి. అసలు బాడీకి నకలు సిలిండరు వేసిన మిశ్రమాలూ ఉన్నాయి కాబట్టి విప్పేదాకా ఏదీ ఖాయం చేయకండి. హస్క్‌వర్నా, హోమ్‌లైట్, మెక్‌కలక్ పేర్లతో ఉన్న పాతవి దొరికితే అవి సాధారణంగా సేకరించేవారి కోసమే. విడిభాగాలు ఇక్కడ దొరకవు.

వెతకాల్సిన చోట్లు మూతపడిన సామిల్లులు, కలప అడితులు, నూజివీడు మామిడి తోటల షెడ్లు, నందిగామ వైపు సుబాబుల్ కొట్టే ముఠాలు, బాపట్ల చీరాల తీరంలో సరుగుడు తోటలు. గుంటూరు ఆటోనగర్‌లోనూ అప్పుడప్పుడు తగులుతాయి. తుపాను వచ్చిన వారంలో మాత్రం కొనకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు దారుల మీద పడ్డ చెట్లు తీయడానికి కదిలే ప్రతి రంపానికీ పని పడింది. ఆ హడావిడిలో పెట్రోలులో సరిగ్గా నూనె కలపకుండా నడిపినవి రెండు నెలల తర్వాత మూలకు చేరతాయి. అప్పుడు అడగండి.

కొన్నప్పుడు అమ్మినవారి పేరు, ఫోను నంబరు, రంపం మీది నంబరు, తేదీ రాసిన చీటీ మీద సంతకం తీసుకోండి. దొంగ సొత్తు మీ చేతిలో ఉండగా బయటపడితే ఆ చీటీయే మీకు దిక్కు.

కొనేముందు పది నిమిషాలు

తాడు పట్టుకుని రంపాన్ని గాలిలో వేలాడదీయండి. నెమ్మదిగా, ఆగి ఆగి దిగితే కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే బలం, ఉన్నట్టు. బకెట్ బావిలో జారినట్టు జారిందంటే రింగులైనా పోయి ఉండాలి, బోరైనా గీసుకుపోయి ఉండాలి. దగ్గర కంప్రెషన్ కొలిచే గేజ్ ఉంటే ప్లగ్గు తీసి అక్కడ బిగించి, థ్రాటిల్ (వేగం పెంచే మీట) పూర్తిగా తెరిచి, సూది పెరగడం ఆగేదాకా తాడు లాగి చూడండి. 120 నుంచి 150 పీఎస్ఐ మధ్య ఉంటే సంతోషం. 100 దగ్గర ఉంటే బేరం చేయండి. 90 లోపు అయితే విడిభాగాల ధరకే కొనండి.

ఆ తర్వాత సైలెన్సర్ విప్పండి. ఇది చాలామంది చేయరు, కానీ అసలు కథంతా అక్కడే ఉంటుంది. పొగ బయటికి వెళ్లే రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ పక్క గోడ కనిపిస్తుంది. నున్నగా, సన్నటి యంత్రపు గీతలతో ఉంటే మంచిది. నిలువుగా చారలు పడి అల్యూమినియం పూసుకుపోయి ఉంటే నూనె తక్కువై గానీ, ఎక్కడో గాలి లోపలికి దూరి గానీ అది ఎండిపోయి పట్టేసింది. రెండు కారణాలకూ వైద్యం వేరు. అందుకే కొత్త పిస్టన్ వేసి ఊరుకున్నవారి రంపం వారంలో మళ్లీ పట్టేస్తుంది.

నీట మునిగిన యంత్రాల గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగిన తర్వాత నా దగ్గరకు ఒక రంపం వచ్చింది. రెండు రోజులు నీళ్లలో ఉంది. యజమాని నీళ్లు తీశాక ఆత్రంగా తాడు లాగాడు. నీళ్లయితే పోయేవే, లోపలికి చేరిన ఒండ్రు మట్టి మాత్రం బోరును ఆకురాయిలా గీసేసింది. మునిగిన రంపం తాడు ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకూడదు. ప్లగ్గు, కార్బొరేటర్ తీసి, తలకిందులుగా పెట్టి నీళ్లు పోనిచ్చి, నూనె కలిపిన కిరోసిన్‌తో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా విప్పాకే షాఫ్టు తిప్పాలి. బేరింగులు మార్చాల్సిందేనని లెక్క వేసుకోండి.

పనికా, అలమరాకా

చైను బ్రేకు ఉందా, లేదా? నాకు ఇదే మొదటి ప్రశ్న. బారు కొన పైభాగం కొమ్మకు తగిలితే రంపం కన్నుమూసి తెరిచేలోపు మొహం మీదికి ఎగురుతుంది. చైను బ్రేకు ఉన్నది ఆ క్షణం కోసమే. 1970లకు ముందు రంపాల్లో అది సాధారణంగా లేదు, 070లోనూ లేదు. చేతులకు వణుకు తగ్గించే రబ్బరు దిమ్మలు కూడా వాటిలో చాలావాటికి లేవు. రోజంతా అలాంటి యంత్రం పట్టుకున్నవారి వేళ్లకు రక్తప్రసరణ తగ్గి, వేళ్లు తెల్లబారి మొద్దుబారే జబ్బు వస్తుంది.

ఒక సుబాబుల్ గుత్తేదారు నాతో, "బ్రేకు లేకపోయినా పరవాలేదండి, ఆ మేరకు ధర తగ్గించండి" అన్నారు. ధర తగ్గించడానికి అది గీత పడిన మూత కాదు. చెట్టెక్కి కొమ్మలు నరికే పనికి నేను బ్రేకు లేని రంపం అమ్మను. నేల మీద చట్రానికి బిగించి దుంగను పలకలుగా కోసేవారికైతే, విషయం చెప్పి, కాగితం మీద రాసి ఇస్తాను. మిగిలినవన్నీ అలమరాకే.

అలమరాకు వెళ్లేదానికి కొత్త రంగు వేయకండి. పాత రంగు వెలిసినా, గీతలు పడినా అది దాని వయసు. సేకరించేవారు డబ్బిచ్చేది దానికే. పనికి వెళ్లేదానికి మాత్రం రంగు వేయండి, కొత్త భాగాలు వేయండి, అవసరమైతే నిప్పు పుట్టించే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టండి. తీసిన పాత భాగాలను పొట్లం కట్టి యంత్రంతోపాటే ఇవ్వండి.

విప్పడం, కడగడం

ప్రతి దశలో ఫోనులో ఫోటో తీసుకోండి. స్క్రూలను ఒక అట్టముక్క మీద రంపం బొమ్మ గీసి, అవి ఉన్న చోటే గుచ్చండి. పొడవులో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్న స్క్రూను తప్పు రంధ్రంలో బిగిస్తే క్రాంక్ కేసు, అంటే షాఫ్టు తిరిగే ఇంజను పెట్టె, పగులుతుంది.

ఆ కేసు చాలా రంపాల్లో మెగ్నీషియం మిశ్రమంతో పోసింది. దాన్ని గ్రైండింగ్ చక్రం మీద పెట్టవద్దు. మెగ్నీషియం పొడి అంటుకుంటే తెల్లటి వెలుగుతో మండుతుంది, నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. పక్కన ఒక డబ్బాలో పొడి ఇసుక ఉంచుకోండి. ఇంకొకటి: ఇంజను భాగాలను వేడి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి తెల్లగా తీసే పద్ధతి ఇనుముకు సరిపోతుంది గానీ, అల్యూమినియం సిలిండరును తినేస్తుంది. కిరోసిన్, పాత టూత్‌బ్రష్, ఓపిక చాలు.

సిలిండరు లోపలి గోడకు గట్టి పూత ఉంటుంది. దాని మీద పిస్టన్ అల్యూమినియం అంటుకుని ఉంటే, పూత దెబ్బతినకపోతే, సిలిండరును కాపాడుకోవచ్చు. మరుగుదొడ్డి కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను పుల్లకు చుట్టిన దూదితో అంటిన చోట మాత్రమే అద్దండి. నురగ వస్తుంది. తుడిచి మళ్లీ అద్దండి. నురగ ఆగిందంటే అంటుకున్నది పోయినట్టు. వెంటనే నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. పూత లేచిపోయిన చోట, రంధ్రాల అంచుల్లో యాసిడ్ పడితే లోపలి అల్యూమినియం కరిగిపోతుంది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు, పని ఆరుబయట. ఈ మూడూ లేకుండా యాసిడ్ మూత తీయకండి.

గాలి కారే చోటు: అసలు పని ఇక్కడే

రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు, గాలి ముందు క్రాంక్ కేసులోకి చేరి, అక్కడ నొక్కుకుని పైకి వెళ్తాయి. కేసుకు చిన్న చిల్లు ఉన్నా బయటి గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎండిపోయిన ఆయిల్ సీళ్లు, సిలిండరు కింది గ్యాస్కెట్, కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు దిమ్మ, ఈ మూడే పదికి తొమ్మిదిసార్లు దొంగలు.

దీనికి నేను వాడే పరికరం పాత రక్తపోటు యంత్రపు బల్బు, గేజ్. కార్బొరేటర్ చోటును, సైలెన్సర్ చోటును ట్యూబు రబ్బరు, మందపాటి రేకుతో మూసి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టండి. కంపెనీల పద్ధతిలో 0.5 బార్ దాకా పెట్టి చూస్తారు. రక్తపోటు గేజ్ 300 దగ్గర ఆగుతుంది, అంటే దాదాపు 0.4 బార్, పట్టుకోవడానికి అది చాలు. సూది నిలబడితే బాగున్నట్టు. దిగుతుంటే సీళ్ల దగ్గర, అతుకుల దగ్గర సబ్బు నురగ రాయండి, బుడగ వచ్చిన చోటే చిల్లు. ఆ తర్వాత దీన్నే తిరగేసి చేయాలి, అంటే గాలి లోపలికి కొట్టకుండా బయటికి లాగాలి. కొన్ని సీళ్లు ఒత్తిడికి నిలిచి, పీల్చినప్పుడు మాత్రమే కారతాయి. వాక్యూమ్ పంపు లేనివారు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. దయచేసి వదలకండి, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

సీళ్లు అసలు కంపెనీవే దొరక్కపోతే బేరింగుల దుకాణంలో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెప్పి తీసుకోవచ్చు. పెట్రోలుకు తట్టుకునే రకం కావాలని అడగండి. గ్యాస్కెట్ షీటు కొని మీరే కత్తిరించుకోవచ్చు గానీ, సిలిండరు కింద వేసే దాని మందం పాతదానితో సరిపోవాలి. బిగించాక ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి సీసపు తీగ దూర్చి, సిలిండరు గోడకు తాకించి, షాఫ్టు ఒక చుట్టు తిప్పి, నలిగిన చోట మందం కొలవండి. అర మిల్లీమీటరు కంటే తక్కువైతే పిస్టన్ తలకు తగిలే ప్రమాదం ఉంది.

నిప్పు

పాత రంపాల్లో ఫ్లైవీల్ కింద ప్లాటినం పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. పాయింట్లను సన్నటి ఆకురాయితో గీసి, పెట్రోలులో ముంచిన తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగండి. సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, ప్లగ్గు సందు 0.5 ఉంచండి. పాయింట్ల దగ్గర నీలం మెరుపులు ఎక్కువగా వస్తుంటే కండెన్సర్ పోయినట్టే. కాయిల్‌కూ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు సరిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా తాడు వెనక్కి కొడుతుంటే ఫ్లైవీల్ కీ తెగిందేమో చూడండి.

కార్బొరేటర్, పెట్రోలు

లోపలి పల్చటి పొర ఎండిపోయి గట్టిపడితే పెట్రోలు సరిగ్గా రాదు. పొరలు, గ్యాస్కెట్లు కలిపిన కిట్ కొని మొత్తం మార్చండి. ఒకటి మార్చి ఒకటి ఉంచడం వృథా. పెట్రోలు గొట్టం, ట్యాంకులోని ఫిల్టరు కూడా మార్చండి.

ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. మన కృష్ణా తీరపు ఉక్కలో సగం నిండిన ట్యాంకును నెల రోజులు వదిలేస్తే అడుగున నీళ్లు వేరుపడవచ్చు. కొనేవారికి నేను ఖచ్చితంగా చెప్పే మాట: పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి పెట్టండి.

నూనె పాళ్లు: పాత పాయింట్ల రంపానికి లీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే 25 పాళ్లకు ఒకటి. రెండు స్ట్రోకుల ఇంజను నూనెల్లో జాసో ఎఫ్‌డి తరగతిది వాడండి, డబ్బా మీదే రాసి ఉంటుంది. నూనె పెంచితే ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది. కాబట్టి పాళ్లు మార్చిన ప్రతిసారీ కార్బొరేటర్ స్క్రూలు మళ్లీ సరిచేయాలి.

చైను, బారు

చైను పిచ్ (వరసగా ఉన్న మూడు రివెట్ల దూరంలో సగం) తెలిస్తే గుండ్రటి ఆకురాయి సైజు తెలుస్తుంది: 0.404 అంగుళాల చైనుకు 5.5 మిల్లీమీటర్లు, 3/8కు 5.2, 0.325కు 4.8. కోణం 30 డిగ్రీలు. ఎండిన తుమ్మ, చింత వంటి గట్టి కలపకు 25కు తగ్గిస్తే పదును ఎక్కువసేపు నిలుస్తుంది. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, దాన్ని కోసేవారు ఆకురాయిని జేబులోనే పెట్టుకోవాలి. ప్రతి పంటి ముందుండే మెట్టు పంటికంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. వేగంగా కోయాలని దాన్ని ఇంకా అరగదీస్తే చైను కొరికి ఎగురుతుంది. ఈనాటికీ మనం వాడే ఈ వంపు పళ్ల చైనును 1947లో అమెరికాలో జోసెఫ్ కాక్స్ తయారుచేశాడు. కలపను తొలిచే ఒక పురుగు దవడలు చూసి ఆ ఆకారం తట్టిందట.

బారు అంచులు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే చదును ఆకురాయితో సరిచేసి, గాడి శుభ్రం చేసి, తిరగేసి బిగించండి. వాడేసిన ఇంజను ఆయిల్‌ను బారుకు పోయడం మన దగ్గర మామూలు అలవాటు. అది మానండి. అందులోని లోహపు పొడి పంపును అరగదీస్తుంది, చర్మానికీ మంచిది కాదు.

శ్రుతి చేయడం

కార్బొరేటర్ మీది రెండు స్క్రూలనూ మెల్లగా చివరిదాకా బిగించి ఒక్కొక్క చుట్టు వెనక్కి తిప్పండి. వేడెక్కాక పూర్తి వేగంలో గాలిలో నడిపితే కాస్త తడబడుతున్న గరగర శబ్దం రావాలి. కలపలో పెట్టగానే ఆ గరగర పోయి స్వరం స్వచ్ఛం కావాలి. గాలిలోనే కీచుమని అరుస్తుంటే మిశ్రమం పలచగా ఉంది, వెంటనే ఆపండి. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం సరిచేసిన రంపం డిసెంబరు ఉదయానికి పలచబడుతుంది, చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి. అందుకే ఎండాకాలంలో అమ్మే రంపానికి కొంచెం చిక్కగానే వదులుతాను.

థ్రాటిల్ నొక్కని నిలకడ వేగంలో చైను కదలకూడదు, కదిలితే క్లచ్ స్ప్రింగులు మార్చాలి. బారు కొనను అట్టముక్క ఎదుట పట్టి వేగం పెంచితే సన్నటి నూనె గీత పడాలి. ఆ తర్వాత మూడు ట్యాంకులు నిజమైన కలప కోయండి. సైలెన్సర్ మళ్లీ విప్పి పిస్టన్ చూడండి.

ధర, అమ్మకం

ఉదాహరణకు 3,500 రూపాయలకు కొన్నారు, సామాన్లకు 4,200, లేత్ పనికి 600, మీ పని 14 గంటలు గంటకు 150 చొప్పున 2,100. మొత్తం 10,400. దానిమీద పదో వంతు, 1,040, తిరిగి వచ్చే మరమ్మతుల కోసం పక్కన పెట్టండి. లాభం ఆ పైన. కొత్త చవక రంపం ధర మీ ధరను మించనివ్వదు, కాబట్టి ఈ లెక్క కొనేరోజే వేయాలి.

ప్రతి రంపంతో ఒక కాగితం ఇస్తాను: కంప్రెషన్ ఎంత, గాలి పరీక్ష తేదీ, మార్చిన భాగాలు, వాటిలో నకలువి ఏవి, చైను బ్రేకు ఉందా లేదా, నూనె పాళ్లు. చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి తాడు లాగడం నుంచి కోత పూర్తయ్యేదాకా ఆపకుండా తీసిన వీడియో పంపుతాను. ఈ రెండూ ఉంటే బేరం సగం తగ్గుతుంది. బయటి ఊరికి పంపేటప్పుడు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, బారుకు తొడుగు వేసి పార్శిల్ చేయండి. వాడిన సామాను వ్యాపారం పెరిగితే జీఎస్టీ కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే లెక్కగట్టే వెసులుబాటు ఉంది, మీ లెక్కల మనిషిని అడగండి.

ఏ చెట్లకోసం అని కూడా అడగండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చాలా రకాల చెట్లు కొట్టడానికి అనుమతి కావాలని చెప్పండి. జవాబు తేడాగా అనిపిస్తే అమ్మకండి. నేను రెండుసార్లు వెనక్కి పంపాను.

పది ట్యాంకులు నడిచాక ఒకసారి తీసుకురమ్మని అందరికీ చెబుతాను, డబ్బు తీసుకోను. సిలిండరు నట్లు ఒకసారి బిగించి, ప్లగ్గు విప్పి చూస్తాను. కాఫీపొడి రంగులో ఉంటే అలాగే బిగించి ఇస్తాను, తెల్లగా ఉంటే మిశ్రమం పలచగా ఉన్నట్టు, రంపాన్ని ఆ రోజుకు నా దగ్గరే ఉంచుకుంటాను.